పడవలో సన్మానం

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందు వచ్చిన ఆఖరి శీతాకాలంలో, సికింద్రాబాద్‌లోని మా ట్రావెల్ కంపెనీ నాకొక బృందాన్ని అప్పగించింది. మెట్టుగూడలోని ఒక మిషన్ స్కూలు పూర్వ విద్యార్థులు వాళ్లు. గోదావరి సముద్రంలో కలిసే చోట మడ అడవుల్లో పడవ ప్రయాణం, జంతువులనూ పక్షులనూ చూడటం కార్యక్రమం. నా హోదా సీనియర్ టూర్ మేనేజరు. అంటే రైలెక్కించిన దగ్గర్నుంచి దింపేదాకా ఎవరికి కడుపునొప్పి వచ్చినా బాధ్యత నాది. ఎవరికి పులి కనిపించకపోయినా తప్పు నాది. ఆ మడ అడవిలో పులి ఉండదని చెప్పినా వినరు.

యాత్రికులన్న జాతి మీద నాకు అప్పటికే భ్రమలు లేవు. అడవికొచ్చి చిప్స్ పొట్లాలు చించేవాళ్లనీ, కొంగ కనిపిస్తే ఈల వేసేవాళ్లనీ ఏళ్ల తరబడి భరించాను. ఈ బృందంలో మాత్రం ఒక్కరు నిజంగా చూడటానికే వచ్చారు. ఆమె రూత్ టీచర్, వీళ్లందరికీ జీవశాస్త్రం చెప్పిన పెద్దావిడ. రైల్లో నా పక్కన కూర్చుని ఒకటే అడిగారు.

"నీటికుక్క కనపడుతుందంటారా, బాబూ? బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. గీసింది సరిగ్గా ఉందో లేదో ఒక్కసారి చూసుకోవాలి."

కళ్లు మసకబారుతున్నాయనీ, ఇక మెరుగుపడవని డాక్టరు చెప్పేశాడనీ, అందుకే ఓపిక లేకున్నా బయల్దేరాననీ అన్నారు. ఇరుకు పాయలో గట్టు దగ్గరగా ఉంటుంది గనుక మీ కంటికి ఆనుతుందని ధైర్యం చెప్పాను. ఆవిడను వెంటబెట్టుకొచ్చినందుకు ఆ శిష్యుల మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది. అది మర్నాడు మధ్యాహ్నందాకా కూడా నిలవలేదు.

నీటికుక్కలను, అంటే చేపలు పట్టి తినే ఆ మీసాల జంతువులను, చూపించడానికి మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఆటు మొదలై బురదగట్లు బయటపడే వేళకు పాయలోకి వెళ్లాలి. మలుపుకు ముందే సరంగు, అంటే పడవ నడిపే మనిషి, ఇంజను ఆపేస్తాడు. పడవ ప్రవాహం మీద దానంతటదే జారుతుంది. ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు. జనం ఒకవైపే చేరితే పడవ ఒరుగుతుంది గనుక కూర్చున్నచోటే తల తిప్పి చూడాలి. జెట్టీ దగ్గర లైఫ్ జాకెట్లు కట్టిస్తూ ఇదంతా చెప్పాను. అందరూ తలలూపారు. తలూపడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు.

ఇంజను ఆగింది. నేను గట్టువైపు చూస్తుండగా వెనక గరగరమంటూ మైకు మోగింది. పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుడు ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. ఒకడు సంచిలోంచి శాలువా తీశాడు, ఇంకొకడు గులాబీల దండ తీశాడు. రంగు కాగితంలో చుట్టిన జ్ఞాపిక కూడా ఉంది. పడవ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసి టీచర్ని అందులో కూర్చోబెట్టారు. ఇదేమిటని అడిగితే ప్రభాకర్ నవ్వాడు.

"హాల్ల అందరు జేస్తరు సార్. పడవల సన్మానం ఎవ్వరన్న జేశిన్రా? ఎనక పచ్చగ అడవి, వీడియో మస్తొస్తది."

మైకు ఆపమన్నాను. "ఐదు నిమిషాలే సార్, పరేషాన్ గాకున్రి," అన్నాడు. మైకు చేతికొచ్చిన తెలుగువాడి ఐదు నిమిషాలు ఎంతో అందరికీ తెలిసిందే. టీచర్ కూడా చేయెత్తి, "ముందు నీటికుక్కని చూద్దాం నాన్నా, ఇవన్నీ ఒడ్డున పెట్టుకోవచ్చు," అన్నారు. వాళ్లు దాన్ని వినయమనుకుని చప్పట్లు కొట్టారు.

ప్రకృతిని ప్రేమించడం మాకు నేర్పింది టీచరే అంటూ ప్రభాకర్ ఉపన్యాసం అందుకున్నాడు. ఆ గొంతుకు చెట్ల మీది కొంగలన్నీ లేచిపోయాయి. వీడియో తీసేవాడు, "టీచర్, జెర గిటు తిరుగున్రి, మొకం మీద ఎలుగు పడాలె," అన్నాడు. ఆమె తిరిగారు. దండ వేశారు. సరిగ్గా అప్పుడే, ఆ గోలకు బెదిరాయేమో, ఆమె వీపు వెనక గట్టు మీదికి రెండు నీటికుక్కలు వచ్చాయి.

ఎవరో కేక పెట్టారు. ఉపన్యాసం గాలికి వదిలేసి, అధ్యక్షుడితో సహా అందరూ ఫోన్లెత్తుకుని అటువైపు ఎగబడ్డారు. పడవ ఒరిగింది. "కూర్చోండి! ఎవరూ లేవొద్దు!" అని శక్తికొద్దీ అరిచాను. ఒక్కరంటే ఒక్కరు కూర్చోలేదు. అప్పటికే కుర్చీలోంచి సగం లేచిన టీచర్ మాత్రం నా మాట విని మళ్లీ కూర్చున్నారు. తల వెనక్కి తిప్పి చూస్తే ఆమెకు కనిపించినవి తన విద్యార్థుల వీపులు.

పడవ నిలదొక్కుకునేసరికి గట్టు ఖాళీ. మళ్లీ ఆగే వీల్లేదు. నీళ్లు లాగేస్తున్నాయి, ఆలస్యమైతే పడవ బురదలో కూరుకుపోతుంది. తిరుగుదారిలో ప్రభాకర్ తన ఫోను టీచర్ ముఖం ముందు పెట్టి, "సూడున్రి టీచర్, ఎంత క్లియర్ గొచ్చినయో," అన్నాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని ఆ చిన్న తెరను చాలాసేపు చూశారు.

"ఏదో కదులుతోంది నాన్నా," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అతన్ని ఆ బురదలోకి తోసేయాలనిపించింది, కానీ టూర్ మేనేజరుకు అంత అధికారం లేదు.

ఆ తర్వాత, ఉద్యోగంలోంచి దిగిపోయేదాకా, జెట్టీ దగ్గరే అందరి సంచులూ విప్పించి చూశాను. తినుబండారాల జోలికి పోలేదు. శాలువా, దండ, మైకు కనిపిస్తే మాత్రం ఒడ్డునే ఉంచేశాను. దీనికి కంపెనీకి ఫిర్యాదులు కూడా వెళ్లాయి. ఆ ప్రయాణంలో నాకు తెలిసింది ఇంతే. మనవాళ్లు ఒక మనిషిని గౌరవించాలనుకుంటే, ఆ మనిషికి ఏం కావాలో అడగరు. చెప్పినా చప్పట్లు కొడతారు.