పన్నెండో రీబౌండ్

ఆ ఏటి చివరి బాస్కెట్‌బాల్ ఆట ముగియడానికి ఇంకా నలభై సెకన్లున్నాయి. అవతలి జట్టు పిల్ల వేసిన బంతి రింగుకి తగిలి వెనక్కి లేచింది. జకాయా టిబ్స్ అందరికన్నా పైకెగిరి దాన్ని వేళ్లతో తట్టింది. బంతి నేలమీద రెండుసార్లు ఎగిరి, తన జట్టులోనే ఇంకో పిల్ల చేతుల్లో పడింది. స్కోరు బల్ల దగ్గర కూచున్న వెర్లా ఊన్రూ ఆ ఇంకో పిల్ల పేరు పక్కన గీత పెట్టింది.

బెంచీ ముందు నిలబడ్డ కోచ్ డెన్నీ హోల్షర్ బల్లవైపు తిరిగి వేళ్లు చూపించాడు. ముందు పది, తర్వాత రెండు.

వెర్లా కూడా చూపించింది. ముందు పది, తర్వాత ఒకటి.

వీళ్లది ఓర్టన్ అనే రెండేళ్ల కాలేజీ. కాన్సస్ పడమటి గోధుమ చేలల్లో ఉంటుంది. ఇక్కడ రెండేళ్లు ఆడిన పిల్లని ఏదైనా యూనివర్సిటీ జట్టు తీసుకుంటే, చదువు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. తీసుకోకపోతే ఇంటికి పోవడమే. జకాయా ఇల్లు కాన్సస్ సిటీలో. వాళ్లమ్మ పెట్టెలు కట్టే గిడ్డంగిలో ఆ పిల్ల కోసం ఒక పని అప్పుడే చూసి పెట్టారు. బంతి వెయ్యడంలో జకాయా అంతంతమాత్రం. గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని పట్టడంలో, అంటే రీబౌండ్లలో మాత్రం రాక్షసి. ఆటకి సగటున పది రీబౌండ్లు పట్టినవాళ్ల పేర్లతో దేశమంతటికీ ఒక జాబితా వేస్తారు. యూనివర్సిటీ కోచ్‌లు దాన్ని ముందు పెట్టుకునే ఫోన్లు చేస్తారు. ముప్ఫై ఆటలకి మూడొందలు కావాలి. ఆ మధ్యాహ్నం ఆట మొదలయ్యేటప్పటికి జకాయావి రెండొందల ఎనభై ఎనిమిది. ఈ సంగతి ఊళ్లో పెట్రోలు బంకు వాడిక్కూడా తెలుసు.

జనం వెళ్లిపోయాక డెన్నీ బల్ల దగ్గరికొచ్చాడు.

"ఒక్కటి, వెర్లాగారూ."

"ఆ బంతి ఆ పిల్ల పట్టలేదు, డెన్నీ."

"తట్టకపోతే మనకి వచ్చేదా?"

"తట్టింది. పట్టింది వేరేవాళ్లు. పట్టినవాళ్లకే రాయాలని నియమం."

"నియమం! మొన్న పక్క కౌంటీలో ఒక పిల్లకి ఇరవై రెండు రాశారు. ఆ పిల్ల సగం ఆట బెంచీ మీదే ఉంది. అందరూ తమ పిల్లలకి రాసుకుంటున్నారండీ."

"వాళ్ల పెన్సిల్ వాళ్లిష్టం."

"మీరు ఒక్క గీత ఇటు జరిపితే ఎవరికి నష్టం చెప్పండి?"

వెర్లా పుస్తకం మూసింది. డెన్నీ చొక్కా జేబులోంచి ఈల తీసి, మళ్లీ జేబులోనే వేసుకుని వెళ్లిపోయాడు.

ఆమెకి అరవై ఏడేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ బల్ల ఆమెది. వారమంతా ధాన్యం సహకార సంఘంలో లారీల తూకం రాస్తుంది. ఆట ఉన్న రోజు నాలుగు పెన్సిళ్లు చెక్కుకుని, గళ్ల కాగితాలు చంకలో పెట్టుకుని వస్తుంది. జనం కూచునే మెట్ల కింద ఇనప బీరువాలో పుస్తకాలన్నీ ఏడాదివారీగా ఉన్నాయి. భర్త ఆర్లో చనిపోయినప్పుడు ఒక్క ఆటకి వేరేవాళ్లు రాశారు. ఆ పేజీ మీద ఆమెకి ఇప్పటికీ నమ్మకం లేదు.

బీరువా ముందు నిలబడి ఆ నలభై సెకన్లనీ మళ్లీ కళ్లముందుకి తెచ్చుకుంది. మూడుసార్లు తెచ్చుకుంది. మూడుసార్లూ బంతి నేలని తాకింది.

"మిస్ వెర్లా."

తలుపు దగ్గర జకాయా. బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్లతో నిలబడింది.

"పదకొండేగా?"

"పదకొండే, అమ్మాయ్."

"నేనూ అదే చెప్పా కోచ్‌కి. వేళ్లకి తగిలింది, చేతికి రాలేదు అని."

"కోపంగా ఉందా?"

"ఉంది. మీ మీద కాదు. ఇంకో జానెడు పొడుగ్గా కననందుకు మా అమ్మ మీద."

అని నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. బూట్లు వేసుకోకుండానే వెళ్లింది.

జాబితా వచ్చింది. అందులో జకాయా లేదు. మార్చి అయిపోయింది, ఏప్రిల్ సగమైంది. ఒక్క ఫోనూ రాలేదు. సంఘం పక్క హోటల్‌కి వెర్లా ఒక శుక్రవారం చిలీ అనే చిక్కుడుగింజల కూర, దాల్చినచెక్క బన్ను తిందామని వెళ్తే, మూల బల్ల దగ్గర రైతు ఒకాయన వంటింట్లోకి కేకేశాడు.

"వెర్లా వచ్చింది! కాఫీ కొలిచి పొయ్యండర్రా. చుక్క ఎక్కువైతే తాగదు!"

అందరూ నవ్వారు. పోయినేడాది ఇదే మాటకి వెర్లా కూడా నవ్వేది. ఈసారి బన్ను కాగితంలో చుట్టించుకుని వచ్చేసింది. తూకం గదిలో అది సాయంత్రందాకా అలాగే ఉంది. తను చేసింది తప్పు కాదని ఆమెకి తెలుసు. కానీ ఆ పిల్ల గిడ్డంగిలో పెట్టెలు కడుతున్నట్టు ఊహించుకుంటే ఆ తెలివిడి ఎందుకూ పనికి రావడం లేదు.

ఏప్రిల్ ఆఖర్లో డెల్‌మోర్ యూనివర్సిటీ కోచ్ పాట్రీస్ ఓల్డన్ వచ్చింది. ముందుగా ఎవరికీ చెప్పలేదు. జకాయా సాధన చేస్తుంటే గంటసేపు గోడకి ఆనుకుని చూసింది. తర్వాత డెన్నీని అడిగింది.

"మీ రీబౌండ్లు రాసేదెవరు?"

డెన్నీ సంఘానికి ఫోన్ చేశాడు. వెర్లా లారీని కాటా మీద నిలిపేసి, డ్రైవర్‌ని ఆగమని చెప్పి వచ్చింది. పాట్రీస్ చిన్న నోటుబుక్కు తెరిచింది.

"నేను ఏ పిల్లనైనా రెండు లెక్కలు తీసి చూస్తానండీ. సొంతూళ్లో ఎన్ని, బయట ఊళ్లలో ఎన్ని అని. ఎక్కడ చూసినా సొంతూళ్లో పద్నాలుగు, బయట ఎనిమిది. రాసేది ఆ ఊరివాళ్లే కదా, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు."

"తెలుసు."

"ఈ పిల్లకి ఇక్కడ పదిహేను ఆటల్లో నూట నలభై నాలుగు. బయట పదిహేనింట్లో నూట యాభై అయిదు. సొంతూళ్లో తక్కువ, పరాయి ఊళ్లో ఎక్కువ! ఇలాంటిది ఇరవై ఏళ్లలో చూళ్లేదు. ముందు ఈ పుస్తకం రాసే మనిషిని చూద్దామని బయల్దేరా."

వెర్లా బీరువా తెరిచి కాగితాలు ముందు పెట్టింది. పాట్రీస్ చివరి ఆట దగ్గర ఆగింది.

"మొత్తం రెండొందల తొంభై తొమ్మిది. ఇంకొకటి రాసి ఉంటే జాబితాలో ఉండేది కదా?"

"ఉండేది."

"ఎవరూ అడగలేదా మిమ్మల్ని?"

డెన్నీ పైకప్పు దూలాల వంక చూశాడు.

"బంతి నేల తాకిందండీ," అంది వెర్లా.

పాట్రీస్ నోటుబుక్కు మూసింది. "మిగతావాళ్ల అంకెల్లో నేను మూడో వంతు కొట్టేస్తాను. ఈ పిల్ల అంకెలో ఒక్కటి కూడా కొట్టెయ్యక్కర్లేదు. ఒకే ఒక్క చోటు మిగిలింది నా దగ్గర. అది ఆమెది."

డెల్‌మోర్‌లో చేరే కాగితం మీద సంతకం మే నెలలో స్కోరు బల్ల మీదే పెట్టించారు. జకాయా వాళ్లమ్మ గిడ్డంగిలో సెలవు పెట్టుకుని అయిదు గంటలు బస్సులో వచ్చింది. హోటల్ రైతు కూడా టోపీ తీసి వెనక వరసలో నిలబడ్డాడు. వెర్లాని ఎవరో ముందుకి తోశారు. తూకం గది దుమ్ము జుట్టులో ఉంది, దులుపుకోవడం మర్చిపోయింది. జకాయా కలం కోసం వెతుక్కుంటుంటే అలవాటుగా పెన్సిల్ అందించింది.

"దీంతో రాస్తే చెల్లదు, మిస్ వెర్లా."

"నా పెన్సిల్ రాత చెరిగేది కాదు," అంది వెర్లా. హాలంతా నవ్వింది. డెన్నీ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

నవంబర్లో డెల్‌మోర్ మొదటి ఆటకి వెర్లా మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో జనం మధ్య కూచుని ఆట చూడటం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి టికెట్‌తో ఇచ్చిన కాగితం తిప్పి, వెనక గీతలు పెట్టడం మొదలెట్టింది. ఆట అయ్యాక మైకులో వినిపించింది: జకాయా టిబ్స్, పన్నెండు రీబౌండ్లు.

మెట్ల కింద జకాయా కొత్త జట్టు పిల్లలిద్దర్ని వెంటేసుకుని చెమటలతో వచ్చింది.

"పన్నెండట, మిస్ వెర్లా."

వెర్లా కాగితం చూసుకుంది. "పదకొండు."

జకాయా ఆ ఇద్దరి వైపూ తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"చెప్పానా మీకు? ఈవిడే! వెళ్లి ఆ బల్ల దగ్గర చెప్పండి, పదకొండని."