తలకిందులయ్యే థర్మామీటరు కోసం వాల్తేరుకు

తెల్లవారుజామున అయిదు గంటలకు తిరువూరులో బెజవాడ బస్సు ఎక్కాను. ఈ ప్రయాణానికి కారణం కాలేజీ చర్చాపోటీలో నేను గెలవడమే. సముద్ర పరిశోధన మనకు అవసరమా అన్నది విషయం. లోతుకు దించిన థర్మామీటరులో పాదరసం పైకి లాగేలోపే మారిపోతుంది గనుక ఆ లెక్కలన్నీ ఊహలేనని వాదించాను.

"నీళ్ళల్లోనే తలకిందులయ్యే థర్మామీటరు ఉందండి" అన్నాడు నా సహాధ్యాయి, వినగడప ఊరి దావీదు.

"నీలాగానా?" అన్నాను. సభంతా నవ్వింది. నాటి నుంచి అతడికి తలకిందుల దావీదు అన్న పేరు స్థిరపడింది. అతడు వేదిక ఎక్కడం మానేశాడు. నా వాదం నిజమో కాదో నాకే తెలియదన్న సంగతి నన్ను నిలవనీయలేదు.

తొమ్మిదిన్నరకు బెజవాడలో రైలు. ఎక్కడికని అడిగిన ఎదుటి సీటు పెద్దావిడకు, వాల్తేరులో థర్మామీటరు చూడబోతున్నానని చెప్పాను.

"జ్వరం చూసుకోడానికి అంత దూరమా నాయనా? మీ ఊళ్ళో డాక్టర్లు లేరా?" అందావిడ. రాజమండ్రిలో కొన్న పులిహోరలో సగం ఆవిడకే పెట్టాను.

సాయంత్రానికి వాల్తేరు. సత్రంలో దోమలు నిద్రపోనివ్వలేదు. మర్నాడు పదింటికి సముద్రశాస్త్ర ప్రయోగశాలకు వెళ్ళాను. వెళ్ళదలచినవారు ముందుగా ఉత్తరం రాయడం మేలు. నేను రాయనందువల్ల గంటన్నర బల్లమీద కూర్చున్నాను.

ఓడల మీద పనిచేసి వచ్చిన వృద్ధ సహాయకుడు అప్పన్న ఇత్తడి చట్రంలోని పాత థర్మామీటరును ఐసునీళ్ళ బాల్చీలో ముంచి, కాసేపటికి అందులోనే తిరగేశాడు. సన్నని మెడ దగ్గర పాదరసం తెగి, అవతలి కొసకు జారింది. దాన్ని ఎండ పడుతున్న కిటికీలో పావుగంట ఉంచాం. పాదరసం దాదాపు కదలలేదు.

"నాలుగు" అన్నాను, చదివి.

"పైకి చెప్పీసారేటి బాబూ? ఓడ మీద ఇద్దరం చూస్తాం. ఎవులికి ఆళ్ళం కాయితం మీద రాసుకుంటాం. ముందే అరిస్తే రెండోవోడి కంటికీ అదే కనిపిస్తాది" అన్నాడు అప్పన్న.

చర్చాపోటీలో నేను చేసింది అదే: నేను ముందే అరిచాను, సభంతా నా కంటితోనే చూసింది. సముద్రం చూడాలనిపించలేదు, ఆ మధ్యాహ్నమే రైలెక్కాను.

మర్నాడు తిరువూరులో దిగి, ఇంటికి పోకుండా వినగడప బస్సు పట్టుకున్నాను. దావీదు మిరపతోటకు నీళ్ళు కడుతున్నాడు. చూసిందంతా చెప్పాను.

"నాకెందుకు చెప్తావు? నాకు ముందే తెలుసుగా" అన్నాడు పార ఆపకుండా. "నవ్వినోళ్ళకి చెప్పు."

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. నిలబడే, సోమవారం కాలేజీలో, నవ్విన ఆ సభకు చెప్పవలసిన మాటలు కట్టుకుంటూ వచ్చాను. ప్రతి వాక్యంలోనూ నన్ను నేను సమర్థించుకోవడమే వినిపించింది. ఒక్కొక్కటే కొట్టివేయగా, "దావీదు చెప్పిందే నిజం" అన్న మూడు మాటలు మిగిలాయి. అప్పటికి తిరువూరు వచ్చింది.