వాచర్ గారి రిజిస్టర్‌లో నా పేజీ

మా వాచర్ గారు పోయారన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. మా ఇంటర్న్‌షిప్ బ్యాచ్ గ్రూపులో రెండేళ్లుగా పుట్టినరోజు కేకులూ ఉద్యోగాల నోటిఫికేషన్లూ తప్ప ఏమీ ఉండవు. వాటి కింద ఒక్క వాక్యం: "మన కోడూరు వాచర్ గారు తెల్లవారుజామున పోయారు. గుండెపోటు." దాని కింద ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. నేను అప్పుడు గుడివాడలో, పనిచేసే స్కూలు లైబ్రరీలో, ఏడో తరగతి పిల్లలు చింపిన పుస్తకాలకి టేపు అంటిస్తున్నాను. ముందు ఆ బొటనవేలు మీద కోపం వచ్చింది. తర్వాత ఆయన మీద వచ్చింది. ఆయన్ని నేను ఒక మాట అడగాలి. రెండేళ్లుగా అడగలేదు. ఇక అడిగే వీలు లేకుండా వెళ్లిపోయారు.

కోడూరు దాటాక, వరి చేలూ రొయ్యల చెరువులూ అయిపోయిన చోట, సముద్రానికి ఇవతల ప్రభుత్వ మడ అడవి ఉంది. ఉప్పునీటిలో పెరిగే చెట్లు. తుపాను గాలి ముందు వాటికే తగులుతుంది, తర్వాత మనకి. అడవి పాడైన చోట మళ్లీ మొక్కలు నాటడానికి, డిగ్రీ అయినవాళ్లని ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి తీసుకుంటారు. మా బ్యాచ్‌లో ఏడుగురం. మాకు పని నేర్పింది ఆయన. ఆయన అక్కడ వాచర్, అడవికి కాపలా. మాకు నేర్పమని ఆయనకి ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. చెప్పినా విని ఉండరు.

మొదటి రోజు మేమందరం కొత్త బూట్లతో వెళ్లాం. ఆయన మా మొహాలు చూడలేదు, కాళ్లే చూశారు.

"బాగున్నయ్యమ్మా బూట్లు. గట్టు మీద వరసగా పెట్టండి. సాయంత్రం దాకా మీరు పడే పాట్లు అయ్యి చూస్తా ఉంటయ్యి."

మోకాలిలోతు బురద. దిగే ముందు నేను, "ఎక్స్‌క్యూజ్ మీ అండీ, ఈ చెట్టు బొటానికల్ నేమ్..." అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "ఏ కాన్వెంటమ్మా మనది?" అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు సిస్టరమ్మ. "సిస్టరమ్మగారూ, ప్రార్థన అయిపోతే ఆ మొక్కలు ఇటు అందిస్తారా?" నేను నెమ్మదిగా మాట్లాడతాను. దానికీ ఊరుకునేవారు కాదు. "ఏంటమ్మా, నీ మాట నీకన్నా వినపడతందా?" అని అందరిలో అడిగేవారు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఏడుపొచ్చేది.

ఆయన దగ్గర క్యాలెండర్ ఉండేది కానీ అందులో వారాలు చూసేవారు కాదు, తిథులే చూసేవారు. సముద్రపు నీళ్లు కాలువల్లోకి ఎక్కితే పోటు, దిగితే ఆటు. అమావాస్యకీ పౌర్ణమికీ రెండూ ఎక్కువ. మొక్క నాటేది నీళ్లు బాగా దిగుతున్నప్పుడే. కాబట్టి అమావాస్య ఆదివారం పడితే మేం ఆదివారమే రావాలి. ఆయనా మాలాగే క్రైస్తవుడు. మా అమ్మకి ఇది మింగుడుపడలేదు.

"చర్చి మానేసి బురద తొక్కే ఉద్యోగమేంటే? ఆయనకి దేవుడి భయం లేదా?"

ఈ మాట ఆయనతో అన్నాను. "మీ అమ్మగారినే ప్రార్థన చెయ్యమను, నీళ్లు శనివారం రావాలని. వస్తే నాక్కూడా సుఖమే," అన్నారు.

మొక్కని నల్ల ప్లాస్టిక్ సంచిలోంచి తీసి నాటాలి. ఆ ఖాళీ సంచుల్లో ఒక్కటి కూడా బురదలో పడనిచ్చేవారు కాదు. అన్నీ చొక్కా జేబులో కుక్కుకునేవారు. సాయంత్రానికి గుండె మీద ఒక పెద్ద బురదగడ్డ వేలాడుతున్నట్టు ఉండేది. వాళ్లావిడ ఒకసారి మాకు మజ్జిగ తెచ్చి, "ఈయన చొక్కాలు ఉతకడానికి కూడా ఇద్దరు ఇంటర్నీలని వెయ్యమని చెప్పండమ్మా మీ ఆఫీసులో," అంది. మధ్యాహ్నం ఆయన డబ్బాలోని ఎండు రొయ్యల పొడి ముందు మా అన్నంలో పడేది, మిగిలితే ఆయన అన్నంలో. మొక్క సరిగ్గా నాటితే మెచ్చుకునేవారు కాదు. ఏమీ అనకుండా పక్క మొక్కకి వెళ్లిపోయేవారు. అదే మెప్పని మాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

నాలుగో నెలలో ఒక పిల్లకాలువ పక్కనున్న నేల ముక్కని నాకొక్కదానికే అప్పగించారు. నేను చాలా సంతోషించాను. ఆ వారమే ఆయనకి జ్వరం వచ్చి పది రోజులు రాలేదు. ఎండలు ముదిరాయి. ఆటు వచ్చినప్పుడల్లా నా మొక్కల మొదళ్లలోంచి నీళ్లన్నీ కాలువలోకి జారిపోయేవి. ఆ తర్వాత బురద ఎండి పగుళ్లిచ్చేది. మాది పామిడిముక్కల దగ్గర పల్లెటూరు. నాన్న కౌలుకి వరి చేస్తాడు. చేలోంచి నీళ్లు పోతుంటే చూస్తూ నిలబడటం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. నాన్న చేసినట్టే చేశాను. పిల్లకాలువ మూతికి బురద ఎత్తి అడ్డుకట్ట వేసి, కాలితో తొక్కి గట్టిచేశాను. నీళ్లు నిలబడ్డాయి. మా బ్యాచ్‌లో అందరివీ వరి పండే ఊళ్లే. "భలే కట్టావే!" అన్నారు. ఒకబ్బాయి ఫోటో కూడా తీశాడు. నాలుగు నెలల్లో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది.

ఆయన వచ్చేసరికి ఆ నీళ్లు వేడెక్కి, ఉప్పు చిక్కబడి ఉన్నాయి. మొక్కల ఆకులు నల్లబడి రాలుతున్నాయి. ఆయన గట్టు మీద నుంచి కట్టని చూశారు.

"ఎవరు కట్టారు?"

మిగతావాళ్లు నా వైపు చూశారు. నేను కాలువ వైపు చూశాను. ఆయన రెండోసారి అడగలేదు. లుంగీ ఎగ్గట్టి దిగి, కట్టని చేతుల్తోనే తవ్వేశారు. నీళ్లు పోతుంటే వాటినే చూస్తూ అన్నారు. "చేనుకి నీళ్లు ఉండాల. దీనికి వచ్చి పోవాల. పోనివ్వకపోతే ఊపిరాడక చచ్చిపోద్ది."

చచ్చిన మొక్కల సంగతి రిజిస్టర్‌లో రాయాలి, కారణంతో సహా. "నువ్వే రాయి సిస్టరమ్మా, నీ రాత బాగుంటది," అని రిజిస్టర్ నా ముందు పెట్టారు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. కానీ అప్పటికే మొక్కలు పెంచే మా నర్సరీలో ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టు పడింది. బందర్లో ఇంటర్వ్యూ. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే పిలుపు. ఆ ఉద్యోగం నాకు కావాలి. రోజంతా మొక్కలతో ఉండి, మనుషులతో అట్టే మాట్లాడక్కర్లేని ఉద్యోగం నాకు ఇంకెక్కడా కనపడలేదు. కారణం గడిలో "పీతలు కొరికాయి" అని రాశాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"పీతలా?"

"అవునండి."

"పాపం. ఇక్కడ సంతకం కూడా అయ్యే పెడతయ్యా?"

ఆయన ఆ పేజీ కొట్టేసి, తర్వాతి పేజీ తిప్పి, పెన్ను నా చేతిలో పెట్టారు. అప్పుడు రాశాను: "నీళ్లు నిలవాలని పిల్లకాలువ మూతికి నేను అడ్డుకట్ట వేశాను. నీళ్లు పోయే దారి లేక మొక్కలు చనిపోయాయి." కింద నా పేరు, నా సంతకం. దాని కింద ఆయన సంతకం.

తనిఖీకి వచ్చిన ఆఫీసర్ గారు అది చదివి, మొక్కలు మళ్లీ నాటి బతికించాకే సర్టిఫికెట్ అన్నారు. నియమం ప్రకారం సరైన మాటే. అవి బతికేలోపు ఇంటర్వ్యూ అయిపోయింది. పోస్టు ఎవరికొచ్చిందనుకున్నారు? నా కట్టకి ఫోటో తీసిన అబ్బాయికి. మిగతావాళ్లు వెళ్లిపోయాక కూడా నేను మూడు నెలలు ఉండి నాటాను. ఆయన నా పక్కనే నాటారు. ఆ విషయం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సర్టిఫికెట్ చివరికి వచ్చింది. ఇంతవరకూ ఎవరూ చూపించమని అడగలేదు.

పీతలు అంటే పీతలే అని వదిలేస్తే ఆయనకి ఏం పోయేది? నేను అడగాల్సిన మాట అదే. గుడివాడ వచ్చాక ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. నేను తీయలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. సమాధుల దొడ్డి పల్లంలో ఉంది. తవ్విన గోతిలోకి నీళ్లు ఊరుతున్నాయి. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతుంటే తోడినంతా మళ్లీ వస్తోంది. అమావాస్య పోటు. "ఆటు మొదలయ్యేదాకా ఆగాల్సిందే," అన్నాడు తోడుతున్నవాడు. అందరం షామియానా కింద కూర్చున్నాం. పాస్టర్ గారు మూడుసార్లు వాచీ చూసుకున్నారు.

"బతికున్నప్పుడు ఈ నీళ్ల కోసం ఆరాధన ఎగ్గొట్టాడు. ఇయాళ సంఘాన్నంతా కూర్చోబెట్టాడు," అన్నారు ఆఖరికి.

జనం నవ్వారు. వాళ్లావిడ కూడా నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎండలో, పెట్టెలో ఉండి కూడా, ఆయన ఇంకా తన టైముకే పని జరిపించుకుంటున్నారు.

నా వెనక వరసలో ఆరుగురు కూర్చున్నారు. వాళ్ల మడమల మీది బురద చూసి, ఇప్పటి బ్యాచ్ అని పోల్చుకున్నాను. అందులో ఒకమ్మాయి ముందుకి వంగింది.

"మీరు సిస్టరమ్మగారా అండి?"

నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న అబ్బాయి, "ఒరే, కట్ట అక్కరా!" అన్నాడు. ఆ అమ్మాయి వాణ్ణి మోచేత్తో పొడిచింది.

"సారీ అండి. మొదటి రోజే వాచర్ బాబాయ్ గారు మీ పేజీ మాచేత చదివిస్తారండి. ఒకళ్ల తర్వాత ఒకళ్లం. గట్టిగా."

"గట్టిగానా?"

"అవునండి. వినపడకపోతే మళ్లీ చదవమంటారు. మా ముందు బ్యాచ్‌లకీ అంతేనంట."

"చదివాక ఏమంటారు?"

"ఏమనరండి. రిజిస్టర్ మూసేసి, ఇంక దిగండి అంటారు."

నా మొహం కాలిపోయింది. నోరు విప్పి గట్టిగా ఒక మాట అనని నన్ను, బ్యాచ్ తర్వాత బ్యాచ్ చేత ఆ గట్టు మీద అరిపించారన్నమాట. ఒక్క మాట నాతో చెప్పొచ్చు కదా? ఆ రెండు ఫోన్లూ ఇది చెప్పడానికేనేమో. తీయనిది నేనే. నాకు ఉద్యోగం పోయింది, ఆయనకి పాఠం దొరికింది. నన్ను అడిగి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఇప్పటికీ ఒప్పుకుంటానో లేదో తెలియదు.

నీళ్లు తగ్గాక ఆయన్ని దించారు. మట్టి వేసి అందరం బయటికొస్తుంటే ఆ ఆరుగురూ గేటు దగ్గర గుసగుసలాడుకుంటున్నారు. పొద్దున్నే నర్సరీ నుంచి మొక్కలు వచ్చి గట్టు మీద ఎండలో ఉన్నాయి. నాటాలంటే ఈ ఆటులోనే. ఇవాళ నాటితే జనం తప్పుగా అనుకుంటారేమో అని వాళ్ల భయం. ఆ అమ్మాయి నా మొహం చూసింది.

"పదండి," అన్నాను. రెండోసారి చెప్పించుకోకుండానే వాళ్లకి వినపడింది.

బళ్ల మీద వెళ్లాం. తెల్ల చుడీదార్‌తోనే దిగాను. పిల్లకాలువకి రెండు వైపులా నాటుకుంటూ పోయాం. నాటిన మొక్కల మొదళ్లలోంచి నీళ్లు అప్పుడే జారిపోతున్నాయి, మూతి దగ్గర సన్నగా చప్పుడు చేస్తూ, తొందర తొందరగా. అంతా తెలిసి కూడా నాకు చూడబుద్ధి కాలేదు. చెయ్యి దానంతటదే బురద తీసుకుంది.

పక్కనున్న అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, పోనివ్వండి," అంది, మొహమాటంగానే, కానీ గట్టిగా.

ఏడుగురం అక్కడే నిలబడ్డాం. నీళ్లన్నీ వెళ్లిపోయాయి. తడి బురద మీద, రెండేసి ఆకులతో, లేత మొక్కలు ఒక్కొక్కటీ తన చిన్న నీడ పక్కన నిలబడి ఉన్నాయి.