మా హాల్టులో ఊరంతా రైలెక్కిన రోజు

పాత నిఘంటువులో ఇవాళ ఒక అట్ట టికెట్ దొరికింది. పాసింజర్‌లో వికారాబాద్ బడికి వెళ్లినవాళ్లకు దాని గరుకు గుర్తుందా?

తాండూరు దారిలో మా హాల్టుకు ప్లాట్‌ఫారమ్ కూడా లేదు. ఎవరూ టికెట్ కొనరు కాబట్టి, ఎక్కేవాళ్లే లేరని రైల్వేవాళ్లు హాల్టునే ఎత్తేస్తామన్నారు. రైలు ఆగకపోతే నా చదువూ ఆగిపోతుంది.

నాయనమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "రేపు ఎంతమంది ఎక్కుతరో చూడనీకి ఆఫీసరొస్తుండంట. అందరు టికెట్ తీస్కోండ్రి."

"నాకేడ పనుంది వదినె?" అన్నాడు పక్కింటి సాయిలు తాత.

"పని లేకుంటేంది? ముందటి స్టేషన్ల దిగి నడ్సుకుంట రా. జర పొట్టన్న తగ్గుతది!"

మర్నాడు అధికారి చూస్తుండగా ఊరంతా టికెట్లతో ఎక్కింది. తర్వాతి స్టేషన్లో దిగి, చేల మీదుగా నవ్వుకుంటూ ఇంటికి నడిచింది. హాల్టు నిలిచింది.

నేనొక్కదాన్నే దిగకుండా బడిదాకా వెళ్లాను. పదో తరగతి అయ్యేదాకా వెళ్లాను.