పెన్న ఇసకలో తీతువు గుడ్లు

ప్రొద్దుటూరులో ఖాదర్‌వలీ, షమీమ్ వీడియో తీయని పెండ్లి పెండ్లే కాదు. అట్లాంటి మొగుడూ పెండ్లాలు పెండ్లిండ్లు ఇడ్సిపెట్టి పిట్టల సినిమాలకు తగులుకున్యారు. జమ్మలమడుగు కాడ పెన్నలో తీతువు పిట్ట ఒట్టి ఇసక మీద గుడ్లు పెట్టింటే, దినాలకు దినాలు ఎండలో పండుకోని తీసినారు. షమీమ్ మొగం మాడిన పెనం మాదిరి అయిపాయ.

రేపో మాపో పిల్లలు బయటికొస్తాయనంగా ఇసక ట్రాక్టరొకటి కొండ కదిలొచ్చినట్ల నేరుగా గుడ్ల మీదికే వస్తాంది. ఖాదర్‌వలీ చేతులూపి అరిచినా డ్రైవర్ గంగన్న నిలపలే.

"పిట్ట కోసరం దావ మార్చల్లంట! ఎవురికన్నా చెప్పు, నగుతారు" అన్యాడు.

షమీమ్ పెండ్లిండ్లలో అలిగిన బామ్మర్దుల్నందర్నీ నవ్వించి ఫొటోలో నిలబెట్టిన మనిషి కదా, కెమెరా గిర్రున గంగన్న మీదికి తిప్పింది.

"అన్నా, ఆ పక్కనుంచి పోనీ, నీ మొగానికి వెలుతురు బాగా పడ్తాది. మీసం శానా బాగుండాది."

గంగన్న తువ్వాలతో మొగం తుడ్సుకున్యాడు. "సినిమాలో వస్తానా అక్కా?"

"పిట్టకు దూరంగా పోతేనే వస్తావు."

ట్రాక్టర్ పక్కకు తిరిగింది. మీసం సరిగా పడిందో లేదోనని గంగన్నే ఇంకోతూరి ఎనిక్కొచ్చి, మళ్లా సుట్టు తిరిగే పాయ. తల్లిపిట్ట వచ్చి గుడ్ల మీద కూచునేదాకా షమీమ్ కెమెరా దించలే.