తువ్వాల ఎత్తమన్నదాకా

ఆ రోజుల్లో మాకు కోర్టంటే ఒకటే తెలుసు. గూడెం నడుమ గడ్డి కొట్టం, కొట్టంలో ఈత చాప, చాప మీద మా గూడెం పెద్ద. ఆయన చెప్పిందే తీర్పు. నచ్చకపోతే వారం రోజులు మూతి ముడుచుకుని తిరగడమే అప్పీలు. ఒక దొర ఇచ్చిన తీర్పును పైన ఇంకో దొర తప్పని కొట్టేయవచ్చని, కొట్టేసినా వాళ్లిద్దరూ పగలు పెట్టుకోరని నాకు ఇరవయ్యో ఏట, కడుపులో ఐదో నెల బిడ్డ ఉండగా తెలిసింది. (నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. నేను రెండో తరగతిలో పలక పగలగొట్టి ఇంటికొచ్చేసినదాన్ని. నా మాటను కొంచెం దిద్ది రాస్తానంది. దిద్దుకోనీ, తిట్లు మాత్రం తీసేయొద్దన్నాను.)

అసలు తప్పు నాది. కోర్టులో నన్నెవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాను. పెళ్లైన కొత్తలో దమ్మపేటలో మా చిన్నమ్మ ఇంటికి పోయి టేకు మంచం చూశాను. నిగనిగలాడే కోళ్లు, తలవైపు చెక్కిన నెమలి. మా ఇంట్లో ఉన్నదేమో నులక మంచం. నడుమ కుంగిపోయి, ఎవరు ఏ పక్కన పడుకున్నా తెల్లారేసరికి ఇద్దరం గుంటలోనే తేలేవాళ్లం. (కొత్త పెళ్లివాళ్లకు అదే మంచిదని మా వదిన అనేది.) ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మా ఆయన చెవిలో మంచం మంచం అని ఒకటే పోరు. ఆయన మాట తక్కువ మనిషి, తాటిచెట్టంత పొడుగు. "చూద్దాం" అని ఊరుకునేవాడు. ఊరుకోనివాడు మా అన్న. మనిషి పొట్టి, గొంతు పెద్దది. "నా చెల్లెకు మంచం నేను చేయిస్త" అని ఒక పొద్దున మా ఆయన సైకిలడిగి తీసుకుపోయాడు. జల్దీ తెస్తానన్నాడు. తేలేదు. అడవి దారిలో టేకు దుంగ కట్టుకుని వస్తుంటే ఫారెస్టు గార్డు దూరం నుంచి కేకేశాడట. మా అన్న సైకిలును, దుంగను, కాలి చెప్పును అక్కడే వదిలి, పినపాకలో చుట్టాలింట తేలాడు.

ఆ సైకిలు చైన్ కవర్ మీద పసుపు రంగుతో మా ఆయన పేరు, ఇంటిపేరు, ఊరు పేరు రాసి ఉన్నాయి. నేనే పట్టుబట్టి రాయించాను. మాకూ సైకిలుందని చుట్టుపక్కల గూడేలన్నిటికీ తెలియాలి కదా. ముందుగా ఫారెస్టు వాళ్లకు తెలిసింది. మర్నాడు గార్డు ఇంటికొచ్చి సైకిలు నీదేనా అంటే మా ఆయన నాదేనన్నాడు. మరి ఎవరు తొక్కారు అంటే నేల చూశాడు. పెళ్లాం అన్నను పట్టివ్వడం ఆయనకు చేతకాదు. గార్డు చెడ్డవాడేం కాదు. కోర్టుకు రావాలని, ఏదో చిన్న జరిమానా వేసి పొమ్మంటారని చెప్పాడు. అందుకని మేం వకీలును కూడా పెట్టుకోలేదు. సద్ది కట్టుకుని, తిరునాళ్లకు పోయినట్టు పోయాం.

ఇక్కడ మా గూడెం పద్ధతి ఒకటి చెప్పాలి. పంచాయితీకి పిలిస్తే, తప్పు చేసినవాడైనా చేయనివాడైనా, మొదట భుజం మీది తువ్వాల తీసి పెద్దల ముందు నేల మీద పరవాలి. పరిచి, తల వంచి నిలబడాలి. మీ మాట వినడానికే వచ్చాను, కయ్యానికి రాలేదు అని దానర్థం. అప్పుడు పెద్ద, "తువ్వాల ఎత్తు, చెప్పు" అంటాడు. ఎత్తాకే నోరు తెరవాలి. ఎత్తమనకముందు మాట్లాడినవాణ్ని మా దగ్గర మనుషుల్లో లెక్కేయరు.

కింది కోర్టులో మా ఆయన్ను బోనులో నిలబెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మేజిస్ట్రేటు కాగితం చదివి, నేరం ఒప్పుకుంటావా అని తెలుగులోనే అడిగాడు. మా ఆయన తువ్వాల తీశాడు. దులిపాడు. బోనులోనే తన ముందు పరిచి తల వంచాడు. మేజిస్ట్రేటు రెండోసారి అడిగాడు. మా దగ్గర పెద్ద రెండోసారి అడిగాడంటే వంగింది చాల్లేదని. ఆయన నడుము దాకా వంగాడు. మూడోసారి అడిగితే మోకాళ్ల మీద కూర్చుని నేలకు నుదురానించాడు. నేనేమో గుమ్మం దగ్గర గర్వంతో ఉబ్బిపోతున్నాను. ఇంత మర్యాద తెలిసిన మనిషి ఈ కోర్టులో ఇంకొకడున్నాడా అని పక్కన నిలబడ్డ పోలీసాయన్ను కూడా అడిగాను. అంతలా వంగినవాణ్ని చూస్తే ఏ మేజిస్ట్రేటైనా ఏం రాస్తాడు? ఒప్పుకున్నాడనే రాశాడు. మూడు నెలల జైలు. బంట్రోతు వచ్చి రెక్క పట్టుకుని లేపితే, తువ్వాల ఎత్తమన్నారేమోనని మా ఆయన సంతోషంగా లేచి గొంతు సవరించుకున్నాడు.

నేను గుమ్మంలోనే కూలబడి మొదలుపెట్టిన ఏడుపుకు కోర్టు ఆగిపోయింది. (అప్పట్లో నా గొంతు ఇలా బొంగురుపోలేదు. మూడు వీధులు వినపడేది.) అక్కడ కూర్చున్న వకీలు ఒకాయన, జాలికో, చెవుల బాధకో, లేచి ఏదో ఇంగ్లీషులో అడిగాడు. అప్పీలు వేసుకునేదాకా శిక్ష ఆపి జమానతు మీద పంపారు. మా గూడెం పెద్ద, ఆయన తమ్ముడు జమానతు వేలిముద్రలు వేశారు. నెల రోజుల్లో అప్పీలు వేయాలన్నాడు వకీలు. ఆ అప్పీలు పోతే బిడ్డ పుట్టేనాటికి బిడ్డ తండ్రి జైల్లో ఉంటాడు. ఆ ఒక్క మాట నాకు బాగా అర్థమైంది.

వకీలు ఇంట్లో మమ్మల్ని కూర్చోబెట్టి, ఒప్పుకున్న కేసులో అప్పీలు కష్టమని చెప్పాడు. అసలు ఏమని ఒప్పుకున్నావని మా ఆయన్ను అడిగాడు.

"నేనేం మాట్లాడలే సారూ. తువ్వాల పర్చిన."

"పర్చి?"

"ఎత్తమంటరని చూసిన."

"ఎవరు?"

"ఎవలన్న ఒకలు."

వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మా గూడెం పెద్ద పద్ధతంతా విడమరిచి చెప్పేసరికి ఆయన కుర్చీలోంచి లేచి తిరగడం మొదలుపెట్టాడు. ముద్దాయి ఒప్పుకుంటే ఆ మాటలు అతని నోట వచ్చినవి వచ్చినట్టు రాయాలట. ఈయన నోట ఏ మాటా రాలేదు కదా, రాసింది ఎవరి మాట అని మమ్మల్నే అడిగాడు, మేమే రాసినట్టు. పోతూ పోతూ నాతో, పెద్ద కోర్టులో మాత్రం తువ్వాల జోలికి పోనివ్వొద్దమ్మా అని గట్టిగా చెప్పాడు.

అంతే, ఆ పని నేను మీదేసుకున్నాను. ఇంటికి రాగానే తువ్వాల లాక్కున్నాను. రోజూ పొద్దుగూకే వేళ బోర్లించిన గంప మీద నేను జడ్జిగా కూర్చునేదాన్ని, పొట్ట ముందుకేసుకుని. సైకిలు నీదేనా అంటే నాదే అనాలి, దుంగ నీదేనా అంటే కాదనాలి. ఇంతే పాఠం. మొదటిది బాగానే చెప్పేవాడు. రెండోది అడగ్గానే చెయ్యి భుజం మీదికి పోయేది, అక్కడేమీ ఉండేది కాదు, పాపం ఉత్త భుజం గోక్కుని తల వంచేవాడు. గూడెం గూడెమంతా పనుల నుంచి వచ్చి చూడ్డానికి కూర్చునేది. మా గూడెం పెద్దకు మాత్రం కోపమొచ్చింది. పుట్టినప్పటి నుంచి తాను నేర్పిన మర్యాదను ఈ పిల్ల నెల రోజుల్లో మరపిస్తోందని అందరికీ చెప్పుకున్నాడు. ఒకరోజు కూర మాడితే అలవాటు కొద్దీ, ఈ కూర మాడ్చింది నువ్వేనా అని నేను గంప మీంచి అడిగాను. "అవ్" అని ఒప్పేసుకున్నాడు. వండింది నేను. ఈ మనిషిని పెద్ద కోర్టుకు ఎట్లా తీసుకుపోవాలా అని ఆ రోజు నిజంగానే భయమేసింది.

పెద్ద కోర్టుకు మేం నలుగురం పోయాం. మేమిద్దరం, మా గూడెం పెద్ద, మా అన్న. (పినపాక నుంచి అప్పటికి తిరిగొచ్చాడు. చెల్లెలికి తోడట.) అక్కడ జడ్జి ఆడమనిషి. నెరిసిన జుట్టు, మెల్లని మాట. మా వకీలు తువ్వాల సంగతి చెప్పగానే సర్కారు వకీలు లేచి, ఇదంతా ఇప్పుడల్లిన కథ మేడమ్, తువ్వాలు పరిస్తే నోరు పడిపోతుందా అన్నాడు. జడ్జమ్మ మా ఆయన్ను ముందుకు పిలిచి, ఆ రోజు ఏం చేశావో చేసి చూపించమంది. మా ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. గోక్కున్నాడు. నా వైపు చూశాడు.

తువ్వాల నా ఒళ్లో ఉంది. జొన్నరొట్టెలు, మామిడి తొక్కు దాంట్లోనే మూటకట్టి తెచ్చాను. గబగబా విప్పి, రొట్టెలు మా అన్న చేతిలో పెట్టి, తువ్వాల ముందుకు పంపాను. నడుమ ఎర్రటి నూనె మరక, పళ్లెమంత. మా ఆయన దాన్ని దులిపి (వెల్లుల్లి రెబ్బ ఒకటి సర్కారు వకీలు బల్ల కిందికి దొర్లింది) జడ్జమ్మ ముందు పరిచి తల వంచాడు. కోర్టంతా తొక్కు వాసన. జడ్జమ్మ, ఊఁ, చెప్పు అంది. ఆయన కదల్లేదు. నిన్నే, చెప్పు అంది. ఇంకొంచెం వంగాడు. నేను నెల రోజులు గంప మీద కూర్చుని నేర్పింది ఒక్క ముక్క మిగల్లేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఇంకాసేపుంటే నుదురు నేలకు ఆనిస్తాడు, మళ్లీ మూడు నెలలు పడతాయి అనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

అప్పుడు వెనక బెంచీ నుంచి మా గూడెం పెద్ద ఉండబట్టలేక లేచాడు. "అమ్మా, మీరు తువ్వాల ఎత్తమనాలె. గది మీ పని. మీరు మీ పని చేస్తే వాడు వాని పని చేస్తడు."

బంట్రోతు ఆయన్ను కూర్చోబెట్టబోతే జడ్జమ్మ వద్దంది. మా ఆయన వైపు వంగి, అచ్చం మా పెద్ద అన్నట్టే అంది. "తువ్వాల ఎత్తు. చెప్పు."

ఎత్తాడు. భుజాన వేసుకున్నాడు, తొక్కు మరక పైకొచ్చేలా. ఇక చూడండి, మూడేళ్లకు సరిపడా మాటలు అక్కడ మాట్లాడాడు. "అమ్మా, మాది కొత్త పెండ్లి. ఇంట్ల నులక మంచం. మా ఆమెకు టేకు మంచం కావాలె. పొద్దుగాల లేస్తె మంచం, అన్నం పెడుతె మంచం, నీళ్లు తోడుతె మంచం. నిద్రల నేను గూడ మంచమే కలవరించిన్నట."

కోర్టులో నల్లకోట్లన్నీ నా వైపు తిరిగాయి. నేను కొంగు మొహం మీదికి లాక్కున్నాను. జడ్జమ్మ నవ్వు ఆపుకుంటూ, మంచం సంగతి సరే, దుంగ సంగతి చెప్పమంది.

"వస్తున్ననమ్మా. గూడెంల అయితె పెండ్లిచూపుల కాడికెల్లి చెప్పాలె. మీకు పనుంటదని మంచం కాడ మొదలువెట్టిన." అని తువ్వాల భుజాన సర్దుకున్నాడు. "సైకిల్ నాది. అడిగితె ఇచ్చిన. దుంగ నేను కొట్టలే, కట్టలే, మొయ్యలే. ఎవలకిచ్చిన అని మాత్రం అడగకుండ్రి. అడిగితె నేను మళ్ల తువ్వాల పరుస్త."

నా పక్కన మా అన్న లేడు. చూస్తే బెంచీ కింద ఉన్నాడు, రొట్టెలతో సహా. చెప్పు వెతుక్కుంటున్నానన్నాడు. చెప్పులు రెండూ కాళ్లకే ఉన్నాయి.

ఆ పేరు ఇవాళ నేను అడగను, ఆ రోజు నిన్ను చెప్పనిచ్చారా లేదా అన్నదే నేను చూడాల్సింది అంది జడ్జమ్మ. "ఎత్తమనలేదమ్మా" అన్నాడు మా ఆయన. ఆమె చాలాసేపు రాసుకుంది. పదిహేను రోజులకు తీర్పొచ్చింది. ఒప్పుకోలు చెల్లదు, శిక్ష రద్దు, కేసు మళ్లీ మొదటి నుంచి వినాలి. కింది కోర్టుకు అప్పటికి కొత్త మేజిస్ట్రేటు బదిలీ మీద వచ్చాడు. పై కోర్టు కాగితం బాగా చదువుకున్నట్టున్నాడు, మా ఆయన బోనెక్కీ ఎక్కకముందే తువ్వాల ఎత్తు అన్నాడు. "ఇంకా పరవనే లేదు సార్" అన్నాడు మా ఆయన. తర్వాత గార్డును అడిగితే, పారిపోయినవాణ్ని వెనక నుంచి చూశానని, మనిషి పొట్టి అని ఉన్నదున్నట్టు చెప్పాడు. మేజిస్ట్రేటు తలెత్తి మా ఆయన్ను కింది నుంచి పై దాకా చూశాడు. అంతటితో కేసు కొట్టేశారు. వారానికి బిడ్డ పుట్టాడు. (వాడే ఇప్పుడు దీని మొగుడు. రాయవే, సిగ్గెందుకు?)

టేకు మంచం మీద నేనెప్పుడూ పడుకోలేదు. చాలా ఏళ్లకు కొడుకు ఇనుప మంచం కొంటే, దీని మీద మాత్రం పేరు రాయించకే అన్నాడు మా ఆయన. కానీ తువ్వాల అలవాటు పోలేదు. మా ఇద్దరికీ మాటామాటా వచ్చినప్పుడల్లా, తప్పెవరిదైనా, తువ్వాల తెచ్చి నా ముందు పరిచి నిలబడేవాడు. నేను ఎత్తమనేదాన్ని కాదు. మొండిదాన్ని. ఒక్కోసారి పూట, ఒక్కోసారి రెండు రోజులు. అక్కడే పడి ఉండేది తువ్వాల, కోళ్లు తొక్కుకుంటూ తిరిగేవి, ఆయన మాట్లాడకుండా దాని చుట్టూ తిరిగి పనులు చేసుకునేవాడు. పై కోర్టులున్నది బయట, నా ఇంట్లో నా మీద పై కోర్టు లేదు.

ఆయన పోయి నాలుగేళ్లు. తువ్వాల నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా నడుమ ఆ మరక పోలేదు. ఇంట్లో ఎవరూ లేని వేళ ఎప్పుడన్నా తీసి ఆయన ఫొటో ముందు పరిచి కూర్చుంటాను, ఆ రెండేసి రోజులు గుర్తొచ్చి. ఫొటోలో ఆయన పొడుగు మెడ వంచి చూస్తూనే ఉంటాడు. ఎత్తమనడు. అనకపోనీలే. ఈ శిక్ష మీద నేను అప్పీలుకు పోను.