మాట మధ్యలో ఆగిన మనిషి

దయ్యాలు, శకునాలు అంటే నేను కాలేజీకి వెళ్లకముందే నవ్వేదాన్ని. ఇప్పుడు నమ్మకం కుదిరిందనీ చెప్పను. పాప నిద్రపోయింది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మావారు బొంబాయిలో ఒక ఆఫీసు కంప్యూటర్ దగ్గర పనిచేస్తారు. గదంత యంత్రం అది. మామిడికాయల రోజుల్లో సెలవు మీద, నూజివీడు దగ్గర మా నాన్నగారి తోటకు వచ్చారు. పాపకు అప్పటికి పాకడం కూడా రాలేదు. మధ్య గదిలో చాప మీద నిద్రపోతోంది. గోడవారగా, హనుమాన్ జంక్షన్‌కు లారీలో వెళ్లాల్సిన కాయల గంపలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. నాన్నగారు ఆ యంత్రం సంగతి అడిగారు. అందులో పనులు వరుసలో ఉంటాయట. తొందర పని వస్తే, చేస్తున్నదాన్ని మధ్యలోనే ఆపి, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుంటుందట. తొందర పని ముగిశాక సరిగ్గా అక్కడినుంచే మళ్లీ అందుకుంటుందట. ఆగిన పనికి తాను ఆగినట్టే తెలియదట.

“అచ్చం మీ అత్తగారు నాకు పనులు చెప్పే పద్ధతేనండీ అల్లుడుగారూ! కాకపోతే నాకు మొదటి పని మళ్లీ గుర్తురాదు,” అన్నారు నాన్నగారు.

మావారు నవ్వారు. “దానంతటది ఆపదండీ. తొందర పని వచ్చిందని దానికి కబురు...”

అక్కడ ఆగి, లేచి లోపలికి వెళ్లారు. పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టారు. కుర్చీలో కూర్చున్నారు.

“...అందాలి. అందితేనే ఆపుతుంది.”

అంతలో లోపల పెద్ద చప్పుడు. గంపలు కూలి, చాప కనిపించకుండా కాయలు పడ్డాయి.

“పాప!” అని అరుస్తూ ఆయన లోపలికి పరిగెత్తారు. పాప నా చేతుల్లోనే ఉంది. నేను పిలుస్తున్నా వినకుండా, వేళ్లు చీరుకుపోయేలా గంపలు లాగేస్తున్నారు.

ముందు నటన అనుకున్నాను. ఆ వేళ్లు చూశాక అనుకోలేకపోయాను. గంపలు కదిలిన చప్పుడు మావారు విని ఉంటారన్నారు నాన్నగారు. గుమ్మం పక్కనే కూర్చున్న నాన్నగారికి మాత్రం ఏమీ వినపడలేదు.

తాను కుర్చీలోంచి లేవనేలేదని మావారు ఇప్పటికీ అంటారు. “నువ్వే తెచ్చుకుని, నన్నంటున్నావేంటి?” అని నన్నే అనుమానంగా చూస్తారు.

కబురు ఎవరు పంపారో నాకు తెలియదు. ఆయన మాట మధ్యలో ఆగితే మాత్రం, ఇప్పటికీ నేను ముందు పాప ఎక్కడుందో చూసుకుంటాను.